సముద్రం అవతలి టోకు వర్తకుడు

టోకు వ్యాపారం ముఖపరిచయం మీద నడుస్తుంది. హైదరాబాదు బేగంబజారులోనో విజయవాడ వన్‌టౌన్‌లోనో సరుకు కొనే చిల్లర వర్తకుడికి దుకాణదారే కాదు, అతని తండ్రి కూడా తెలిసి ఉంటాడు. సరుకు బాగాలేకపోతే మర్నాడే మూట తెచ్చి గల్లా ముందు పెట్టవచ్చు. అదే సరుకు చైనా నుంచో వియత్నాం నుంచో తెప్పిస్తే గల్లా వేల కిలోమీటర్ల అవతల ఉంటుంది. మూట తిప్పి పంపే కిరాయి ఒక్కోసారి మూట విలువనే మించుతుంది. అందుకే అక్కడ ముఖపరిచయం చేసే పనిని కాగితాలు చేయాలి. లైసెన్సు మీది పేరు, ఫ్యాక్టరీ గేటు మీది పేరు, బ్యాంకు ఖాతాదారు పేరు, పెట్టెలోకి వచ్చిన సరుకు, ఈ నాలుగూ ఒకదానికొకటి పొంతన కుదరాలి. విదేశీ సరఫరాదారును పరీక్షించడం అంటే ప్రధానంగా ఈ పొంతన చూడడమే. భారతదేశపు చిన్న దిగుమతిదారులు ఎక్కువగా వెళ్లే చైనా మార్కెట్టును ఉదాహరణగా తీసుకుంటే ఈ పని ఎలా సాగుతుందో తేటగా తెలుస్తుంది.

వెతుకులాట మొదలయ్యేది ఇంటి దగ్గరే. విదేశం నుంచి సరుకు తెప్పించాలంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే దిగుమతి ఎగుమతి కోడ్ ఉండాలి. వాడుకలో దీన్ని ఐఈసీ అంటారు. దరఖాస్తు రుసుము 500 రూపాయలు. జీఎస్టీ వచ్చినప్పటి నుంచి సంస్థ పాన్ నంబరే ఈ కోడ్‌గా పనిచేస్తోంది. రెండోది, సరుకు ఏ పద్దు కిందకు వస్తుందో తేల్చుకోవడం. ప్రపంచమంతటా కస్టమ్స్ వారు సరుకులను హెచ్ఎస్ కోడ్ అనే అంకెలతో గుర్తిస్తారు. మొదటి 6 అంకెలు అన్ని దేశాలకూ ఉమ్మడి. భారతదేశం మరో 2 చేర్చి 8 అంకెలు వాడుతుంది. జడ క్లిప్పులు, దువ్వెనలు 9615 శీర్షిక కిందకు, పిల్లల బొమ్మలు 9503 కిందకు వస్తాయి. ఈ అంకె తెలిస్తేనే సుంకం ఎంతో, లైసెన్సు ఏదైనా కావాలో తెలుస్తుంది.

ఈ పని ముందే ఎందుకు చేయాలో బొమ్మల సంగతి చూస్తే అర్థమవుతుంది. బొమ్మల మీద ప్రాథమిక కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర, అంటే ఐఎస్ఐ మార్కు, తప్పనిసరి అయింది. ఈ లైసెన్సు తీసుకోవలసింది ఇక్కడి దిగుమతిదారు కాదు, అక్కడి ఫ్యాక్టరీ. కాబట్టి లైసెన్సు లేని ఫ్యాక్టరీ ఎంత నాణ్యమైన బొమ్మలు చేసినా, ఎంత చవకగా ఇచ్చినా, భారతీయ వర్తకుడికి అది సరఫరాదారే కాదు. ఇలాంటి తప్పనిసరి ప్రమాణాలు ఇంకా పలు సరుకులకు ఉన్నాయి. బ్లూటూత్ వంటి వైర్‌లెస్ పరికరాలకు టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం అనుమతి కూడా కావాలి.

మూడోది ఖర్చుల లెక్క. ఫ్యాక్టరీ చెప్పిన ధర అసలు ధర కాదు. సరుకు, ఓడ కిరాయి, బీమా కలిపి లక్ష రూపాయలు అయిందనీ, ప్రాథమిక సుంకం 20 శాతమనీ అనుకుంటే సుంకం 20,000. ఆ సుంకం మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, 2,000. ఈ మొత్తం 1,22,000 మీద 18 శాతం ఐజీఎస్టీ, 21,960. అంటే సరుకు రేవు దాటేసరికి 1,43,960 రూపాయలు. ఐజీఎస్టీని జీఎస్టీ నమోదున్న వర్తకుడు తన అమ్మకాల పన్నులో మినహాయించుకోవచ్చు. మిగతా సుంకం మాత్రం ఖర్చే. దీనికి క్లియరింగ్ ఏజెంటు రుసుము, రేవు ఖర్చులు, లారీ కిరాయి కలపాలి. ఈ లెక్క తర్వాత కూడా స్థానిక టోకు ధర కన్నా తక్కువ పడితేనే వెతుకులాటకు అర్థం ఉంటుంది.

ఇక ఎక్కడ వెతకాలి? చైనాలో ఒక్కో ఊరు ఒక్కో సరుకుకు పేరు పడింది. జెజియాంగ్ రాష్ట్రంలోని దాతాంగ్ మేజోళ్లకు, యోంగ్‌కాంగ్ లోహపు సామాన్లకు, గ్వాంగ్‌డాంగ్‌లోని గుజెన్ దీపాలకు, షాంటౌలోని చెంగ్‌హాయ్ బొమ్మలకు, షెన్‌జెన్‌లోని హువాచియాంగ్‌బే ఎలక్ట్రానిక్ విడిభాగాలకు కేంద్రాలు. సరుకు పుట్టిన ఊరు తెలిస్తే సగం వడపోత అయినట్టే. లైట్లు అమ్ముతానంటున్న సంస్థ చిరునామా లైట్లతో సంబంధంలేని ఊళ్లో ఉంటే అది తయారీదారు కాక మధ్యవర్తి అయ్యే అవకాశం ఎక్కువ.

చిల్లరమల్లర సరుకులకు పెద్ద కేంద్రం యీవు. ఆ ఊరి వ్యాపారం పుట్టుక తెలుగువారికి కొత్తగా అనిపించదు. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే వాళ్లు మన వీధుల్లో తిరిగినట్టే, యీవు ప్రాంతపు పేద రైతులు పనుల్లేని చలికాలంలో కావడిలో బెల్లపు మిఠాయి పెట్టుకుని, గిలక డోలు వాయిస్తూ ఊళ్లు తిరిగి, కోడి ఈకలకు మిఠాయి ఇచ్చేవారు. ఈకలు పొలానికి ఎరువుగానూ చీపుళ్లు కట్టడానికీ పనికొచ్చేవి. 1982లో అక్కడి అధికారులు వీధి మార్కెట్టుకు అనుమతి ఇచ్చారు. ఆ వీధి ఇప్పుడు సుమారు 75 వేల దుకాణాలున్న అంతర్జాతీయ వాణిజ్య నగరంగా మారింది. ఇక్కడ దుకాణం ఒక గది మాత్రమే. గోడలకు నమూనాలు వేలాడుతుంటాయి, సరుకు ఫ్యాక్టరీ నుంచి వస్తుంది. ఒకే కంటైనరులో పది రకాల సరుకులు నింపుకోవాలనుకునే చిన్న వర్తకుడికి యీవు అనుకూలం.

ఫ్యాక్టరీలను ఒకే చోట చూడాలంటే గ్వాంగ్‌జౌలో జరిగే కాంటన్ ఫెయిర్ ఉంది. 1957లో మొదలైన ఈ సంత ఏడాదికి రెండుసార్లు, వసంతంలోనూ శరదృతువులోనూ, మూడు విడతలుగా జరుగుతుంది. విడత మారితే సరుకుల రకం మారుతుంది. యంత్రాల విడతలో వెళ్లి వంటింటి సామాను వెతికితే ఖాళీ చేతులతో తిరిగి రావాలి. సంతలో ఒకే సరుకుకు ఇరవై మంది తయారీదారులు పక్కపక్కనే దొరుకుతారు. ధరల అసలు స్థాయి ఒక్క పూటలో తెలిసిపోతుంది.

ప్రయాణం చేయలేని వారికి ఆన్‌లైన్ వేదికలున్నాయి. వీటిలో పెద్దది 1999లో హాంగ్‌జౌలో పుట్టిన అలీబాబా. ఇలాంటి వేదికల్లో సరఫరాదారు పేరు పక్కన కనిపించే పతకాలకు అర్థం తెలుసుకోవాలి. గోల్డ్ సప్లయర్ అంటే ప్రధానంగా ఏటా రుసుము కట్టిన సభ్యుడని. సరుకు నాణ్యతకు అది హామీ కాదు. 2009, 2010 సంవత్సరాల్లో చేరిన తమ గోల్డ్ సప్లయర్లలో 2,300కు పైగా ఖాతాలు కొనుగోలుదారులను మోసం చేశాయనీ, తమ అమ్మకాల సిబ్బందిలో కొందరు వారికి సహకరించారనీ 2011 ఫిబ్రవరిలో ఆ సంస్థే ప్రకటించింది. ఆన్‌లైన్ విభాగం ముఖ్య కార్యనిర్వహణాధికారి రాజీనామా చేశారు. ఆ తర్వాత తనిఖీలు గట్టిపడ్డాయి. కొనుగోలుదారు డబ్బుకు కొంత రక్షణనిచ్చే చెల్లింపు పద్ధతులు వచ్చాయి. అయినా వేదిక పని పరిచయం చేయడం వరకే. పరీక్షించే బాధ్యత కొనేవారిది.

నాలుగో దారి స్థానిక ఏజెంటు. భాష తెలిసి, మార్కెట్టు తిరిగి, సరుకు పోగుచేసి, కంటైనరులోకి ఎక్కించేవరకు అతను చూసుకుంటాడు. సరుకు విలువ మీద శాతం లెక్కన కమీషన్ తీసుకుంటాడు. దుకాణదారు దగ్గర కూడా చాటుగా కమీషన్ తీసుకుంటే ధర ఆ మేరకు పెరుగుతుంది. దుకాణదారు అసలు బిల్లులు నేరుగా చూపాలని ముందే రాసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. ఏజెంటు ద్వారా నడిచే అరువు బేరాల్లో ఇంకో ప్రమాదం ఉంది. 2011 డిసెంబరులో ఒక వ్యాపార సంస్థ యజమాని బాకీలు ఎగవేసి పరారైతే, ఆ సంస్థలో పనిచేస్తున్న ఇద్దరు భారతీయులను యీవు వర్తకులు నిర్బంధించారు. వారి తరఫున కోర్టుకు వెళ్లిన భారత దౌత్యాధికారి అక్కడే స్పృహ తప్పి పడిపోయారు. 2012 జనవరి మొదట్లో బీజింగ్‌లోని భారత రాయబార కార్యాలయం యీవులో వ్యాపారం వద్దని భారతీయ వర్తకులను హెచ్చరించింది. ఎవరి పేరు మీద ఆర్డరు, ఎవరి మీద బాకీ అనేది కాగితం మీద తేలకపోతే చివరికి చేతికి దొరికిన మనిషే బాకీదారు అవుతాడు.

పది పదిహేను పేర్లు దొరికాక మొదటి ఉత్తరం రాయాలి. అందరికీ ఒకే ప్రశ్నలు పంపితేనే జవాబులు పోల్చడం కుదురుతుంది. జడ క్లిప్పుల విషయంలో కొలత, లోహం, పూత, రంగులు, అట్టకు ఎన్ని, పెట్టెకు ఎన్ని అట్టలు, కనీస ఆర్డరు ఎంత, తయారీకి ఎన్ని రోజులు, ఏ రేవు వరకు ధర అని అడగాలి. తయారీదారు జవాబులో ఎదురు ప్రశ్నలు ఉంటాయి. స్ప్రింగు ఎంత మందం కావాలి, పూతలో నికెల్ ఉండవచ్చా అని అడుగుతాడు. ఏమీ అడగకుండా అన్నిటికీ సరేనంటూ అందరికన్నా చాలా తక్కువ ధర చెప్పేవాడి మీదే ఎక్కువ అనుమానం పెట్టుకోవాలి. సుంకం తగ్గేలా బిల్లు తక్కువకు రాసిస్తానని ముందుకొచ్చేవాణ్ణి అక్కడితో వదిలేయాలి. విలువ తగ్గించి చూపితే 1962 నాటి కస్టమ్స్ చట్టం కింద సరుకు జప్తు, జరిమానా పడేది దిగుమతిదారుకే.

తర్వాత కాగితాల పరీక్ష. చైనాలో ప్రతి సంస్థకూ వ్యాపార లైసెన్సు ఉంటుంది. దాని మీద చైనీస్ లిపిలో సంస్థ పేరు, చట్టబద్ధ ప్రతినిధి పేరు, స్థాపన తేదీ, మూలధనం, వ్యాపార పరిధి, 18 అక్షరాల ఏకీకృత సాంఘిక పరపతి సంఖ్య ఉంటాయి. ఆంగ్లంలో రాసుకునే పేరుకు అక్కడి చట్టంలో లెక్క లేదు. చైనీస్ పేరే అసలు పేరు. ఆ 18 అక్షరాలు చదవడం వస్తే చాలా సంగతులు తెలుస్తాయి. సంఖ్య 91తో మొదలైతే అది కంపెనీ వంటి సంస్థ. 92తో మొదలైతే ఒక వ్యక్తి నడిపే చిన్న దుకాణం. మూడో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం వరకు నమోదైన ప్రాంతపు సంఖ్య. యీవు సంఖ్య 330782. పెద్ద కార్పొరేషన్‌నని చెప్పుకునే సంస్థ సంఖ్య 92తో మొదలైతే మాటకూ కాగితానికీ పొంతన లేనట్టే. చైనా ప్రభుత్వం నడిపే సంస్థల పరపతి సమాచార వెబ్‌సైటులో ఈ సంఖ్య కొట్టి చూస్తే లైసెన్సు అసలుదో కాదో, సంస్థ ఇంకా నడుస్తోందో లేదో బయటపడుతుంది.

వ్యాపార పరిధి గడిలో తయారీ అని ఉందో, అమ్మకం మాత్రమే ఉందో చూడాలి. మధ్యవర్తి కావడం తప్పేమీ కాదు. పలు ఫ్యాక్టరీల సరుకు చిన్న పరిమాణాల్లో కలిపి ఇవ్వడం మధ్యవర్తికే సాధ్యం. తయారీదారునని చెప్పి మధ్యవర్తిగా తేలడమే తప్పు. వీడియో కాల్‌లో ముందుగా చెప్పకుండా గేటు దగ్గర నుంచి గోదాము వరకు నడిచి చూపమంటే ఈ సంగతి త్వరగా తేలుతుంది. గేటు బోర్డు, గోడ మీది లైసెన్సు, యంత్రాల మీద నడుస్తున్న పని చూడాలి. ఆర్డరు పెద్దదైతే స్వయంగా వెళ్లడమో, ఎస్‌జీఎస్, బ్యూరో వెరిటాస్, ఇంటర్‌టెక్ వంటి తనిఖీ సంస్థలతో ఫ్యాక్టరీ పరిశీలన చేయించడమో మంచిది. ఫ్యాక్టరీ చూపే పరీక్షా పత్రాలను, వాటి మీది నంబరుతో, జారీ చేసిన ప్రయోగశాలకే పంపి సరిచూసుకోవాలి. పత్రం అసలుదే అయినా అందులోని మోడలు వేరే సరుకుదై ఉండవచ్చు.

ఇద్దరు ముగ్గురు మిగిలాక శాంపిల్ తెప్పించాలి. డబ్బు కట్టే తెప్పించుకోవాలి. ఉచితంగా వచ్చే శాంపిల్ షోరూములో ఏరి తీసినది కావచ్చు. క్లిప్పును రెండు మూడు వందల సార్లు తెరిచి మూయడం, ఉప్పు నీటిలో ఉంచి పూత చూడడం లాంటి పరీక్షలు ఇంట్లోనే చేయవచ్చు. నచ్చిన నమూనాను రెండు జతలుగా సీలు వేసి, ఇద్దరూ సంతకం చేసి, ఒకటి ఫ్యాక్టరీలో, ఒకటి కొనేవారి దగ్గర ఉంచాలి. రేపు తగాదా వస్తే తూకపు రాయి ఆ నమూనాయే.

ఒప్పందంలో నమూనా ప్రస్తావన, కొలతలు, ప్యాకింగ్, గడువు, ఆలస్యానికి తగ్గింపు, లోపాలుంటే ఎవరు ఏం భరించాలి అన్నీ రాయాలి. చైనీస్ ప్రతి కూడా ఉండాలి. దాని మీద సంస్థ గుండ్రటి ఎర్ర ముద్ర పడాలి. అక్కడ సంతకం కన్నా ముద్రకే బలం ఎక్కువ. ధర ఎక్కడివరకు అనేది ఇన్‌కోటర్మ్స్ అనే అంతర్జాతీయ నిబంధనలతో చెబుతారు. ఎక్స్‌వర్క్స్ అంటే ఫ్యాక్టరీ వాకిలి వరకే. ఎఫ్ఓబీ నింగ్బో అంటే నింగ్బో రేవులో ఓడ ఎక్కించేవరకు. సీఐఎఫ్ విశాఖపట్నం అంటే విశాఖ వరకు కిరాయి, బీమా అమ్మేవారివి. ఈ మాట లేకుండా చెప్పిన రెండు ధరలను పోల్చడం కుదరదు. తగాదాకు మధ్యవర్తిత్వ నిబంధన కూడా రాసుకుంటారు. విదేశీ మధ్యవర్తిత్వ తీర్పులను గుర్తించే 1958 నాటి న్యూయార్క్ ఒప్పందంలో భారత్, చైనా రెండూ ఉన్నాయి. కానీ చిన్న ఆర్డరుకు ఆ ఖర్చు గిట్టదు. చిన్న వర్తకుడికి అసలు రక్షణ డబ్బు చేయి దాటే లోపలే ఉంటుంది.

చెల్లింపులో వాడుక పద్ధతి 30 శాతం బయానా, సరుకు సిద్ధమయ్యాక మిగతా 70 శాతం, బ్యాంకు ద్వారా. పెద్ద ఆర్డర్లకు లెటర్ ఆఫ్ క్రెడిట్ ఉంది. అందులో బ్యాంకు కాగితాలు సరిచూసి డబ్బిస్తుంది, పెట్టె తెరిచి సరుకు చూడదు. కాబట్టి తనిఖీ నివేదికను కూడా కావలసిన కాగితాల్లో చేర్చాలి. డబ్బు చేరే ఖాతా పేరు లైసెన్సు మీది పేరే కావాలి. వ్యక్తిగత ఖాతాకు, మూడో దేశంలోని ఖాతాకు పంపమంటే ఆగిపోవాలి. హవాలా దారి విదేశీ మారక చట్టానికి విరుద్ధం, రుజువు కూడా మిగలదు. ఇంకో మోసం బాగా పెరిగింది. సరఫరాదారు ఈమెయిల్‌లోకి దొంగలు చొరబడి, సరిగ్గా డబ్బు కట్టే వేళకు ఖాతా మారిందని ఉత్తరం పంపుతారు. అలాంటి ఉత్తరం వస్తే పాత నంబరుకే ఫోన్ చేసి మాట్లాడాలి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే బ్యాంకుకూ, 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కూ చెప్పాలి.

మిగతా 70 శాతం కట్టే ముందు తనిఖీ. తయారీ పూర్తయి, 80 శాతమైనా ప్యాక్ అయ్యాక ఇది జరగాలి. ప్రతి ముక్కా చూడలేరు కాబట్టి ఐఎస్ఓ 2859 ప్రమాణంలోని పట్టికలు వాడతారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం సామగ్రి తనిఖీకి వాడిన పట్టికలే వీటికి మూలం. ఆర్డరు 2,000 అట్టలైతే సాధారణ స్థాయిలో 125 అట్టలు ఏరి చూస్తారు. పెద్ద లోపాలకు ఆ పట్టికల్లోని 2.5 హద్దు పెట్టుకుంటే 7 వరకు పర్వాలేదు, 8 దొరికితే లాటు మొత్తం తిప్పి కొట్టాలి. చిన్న లోపాలకు 4 హద్దయితే 10 వరకు అంగీకారం, 11కు తిరస్కారం. ప్రమాదకరమైన లోపం ఒక్కటీ ఉండకూడదు. ఏది పెద్ద లోపం, ఏది చిన్నదో ఒప్పందంలోనే రాసుకోవాలి. విరిగిన స్ప్రింగు పెద్దది, అట్ట మీద గీత చిన్నది. పెట్టెలను ఎంచుకునేది తనిఖీదారు కావాలి, ఫ్యాక్టరీ మనిషి కాకూడదు. చైనా కొత్త సంవత్సరానికి ముందు వారాల్లో పనివాళ్లు ఊళ్లకు బయల్దేరే హడావిడిలో నాణ్యత జారుతుంది. ఆ తర్వాత ఫ్యాక్టరీలు వారాల తరబడి మూతపడతాయి. అందువల్ల ఆ కాలంలో గడువు పెట్టుకోకపోవడం మేలు.

సరుకు బయల్దేరాక ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్, పుట్టిన దేశపు పత్రం మీది పేర్లు, బరువులు, సంఖ్యలు ఒక్కటిగా ఉండాలి. ఆసియాన్ వంటి వాణిజ్య ఒప్పందాల కింద తక్కువ సుంకం కోరితే సరుకు ఆ ఒప్పందంలోని దేశంలోనే తయారైందనే వివరాలు దిగుమతిదారు దగ్గర ఉండాలని 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. హైదరాబాదుకు వచ్చే కంటైనర్లు సనత్‌నగర్‌లోని ఇన్‌ల్యాండ్ డిపోలో కూడా కస్టమ్స్ దాటవచ్చు. చిల్లరగా అమ్మే పొట్లాల మీద దిగుమతిదారు పేరు, చిరునామా, పుట్టిన దేశం, పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర వంటి వివరాలు ఉండాలి. వాటిని ఫ్యాక్టరీలోనే అతికించమనడం చవక.

మొదటి ఆర్డరు పోయినా దుకాణం నిలిచేంత చిన్నదిగా ఉండాలి. అది బాగా వచ్చినంత మాత్రాన పరీక్ష ముగియదు. మూడో నాలుగో ఆర్డరు నుంచి లోహం పలచబడడం, పూత తగ్గడం సర్వసాధారణం. కాబట్టి ప్రతి లాటునూ సీలు వేసిన నమూనాతోనే పోల్చాలి. చైనా సంస్థలు ఏటా జూన్ 30 లోపల వార్షిక నివేదిక సమర్పించాలి. సమర్పించనివి ప్రభుత్వ వెబ్‌సైటులో అసాధారణ నిర్వహణ జాబితాకు ఎక్కుతాయి. కొత్త బయానా పంపే ముందు ప్రతిసారీ ఆ 18 అక్షరాలు మళ్లీ కొట్టి చూడాలి. ఖాతా పేరును లైసెన్సుతో మళ్లీ సరిపోల్చాలి.